గేమ్‌లో గాలం: అడ్వెంచర్ గేముల్లో చేపలు పట్టేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

అడ్వెంచర్ గేముల్లో చేపలు పట్టడం పక్కపని. కథ నడవడానికి దానితో అవసరం లేదు కాబట్టి చాలామంది రెండుసార్లు గాలం వేసి, దారం తెగగానే మళ్లీ కత్తి పట్టుకుని వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. 1998లో వచ్చిన ‘ఓకరీనా ఆఫ్ టైమ్’లో లేక్ హైలియా పక్కన చేపల కొలను ఒకటుంది. 20 రూపీలు (ఆ గేమ్‌లో డబ్బు) కట్టి లోపలికి వెళ్లి, కథానాయకుడు లింక్ చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు మంచి బరువున్న చేపను పడితే ప్రాణశక్తి పెంచే గుండె ముక్క ఇస్తారు. అక్కడ గంటలు గంటలు కూర్చున్నవాళ్లు ఆ బహుమతి కోసమే కూర్చోలేదు. నీళ్లను చూడటం నేర్పే ఆట అది. పక్కపని పక్కపనిగానే ఉంటూ మనిషిని కట్టిపడేయగలదని అప్పుడే తేలిపోయింది.

చేప పట్టడంలో సగం పని గాలం నీళ్లలో పడకముందే అయిపోతుందని నేను నమ్ముతాను. చోటు, వేళ, ఎర, మీ చెవుల్లోకి వచ్చే శబ్దం సరిగ్గా ఉంటే బొటనవేలి వేగం పెద్ద విషయం కాదు. కాబట్టి ఈ మార్గదర్శిలో బటన్ల గురించి తక్కువ, వాటికి ముందు చేయాల్సిన వాటి గురించి ఎక్కువ ఉంటుంది.

మొదటి మెట్టు: శబ్దం, తెర సరిచేసుకోండి

దాదాపు ప్రతి గేమ్‌లోనూ చేప ఎర కొరికిన క్షణాన్ని శబ్దంతో చెబుతారు. మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో ఆ శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. కొన్నిట్లో ఆ ఆలస్యం సెకనులో ఐదో వంతు దాకా ఉంటుంది. సినిమా చూసేటప్పుడు ఇది తెలియదు. చేప కొరికి వదిలేసే వ్యవధే అంత తక్కువ ఉన్నచోట మాత్రం పనంతా చెడుతుంది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, లేదా స్పీకర్ వాడండి. టీవీకి కన్సోల్ కలిపితే టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. అది లేకపోతే బొమ్మను తీర్చిదిద్దే పనిలో టీవీయే కొంత సమయం తినేస్తుంది.

గేమ్ ఆడియో మెనూలో సంగీతం తగ్గించి, ఎఫెక్ట్స్ శబ్దం పెంచండి. కంట్రోలర్ వైబ్రేషన్ ఆపేసి ఉంటే చేపలు పట్టేటంతసేపైనా ఆన్ చేయండి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి గేముల్లో కంటికన్నా ముందు అరచేతికే తెలుస్తుంది.

మన ఊరి సంగతి ఇంకొకటి. వేసవి సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయే రోజుల్లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయ గేమ్‌ను యూపీఎస్ లేని కంప్యూటర్‌లో ఆడితే జాగ్రత్త. ఆ గేమ్ మీ పాత్ర మంచమెక్కి నిద్రపోయినప్పుడే సేవ్ అవుతుంది. రోజంతా పట్టిన చేపలన్నీ ఒక్క క్షణంలో పోతాయి.

రెండో మెట్టు: మీ గేమ్ ఏ రకమో గుర్తుపట్టండి

పైకి ఎన్ని రకాలుగా కనిపించినా, చేపల ఆటలన్నీ లోపల నాలుగు పద్ధతుల్లో దేనిమీదో ఒకదాని మీద నడుస్తాయి. ఒక్కోసారి రెండు కలిసి ఉంటాయి. ఇది తెలిస్తే కొత్త గేమ్‌లో మొదటి చేపకే సగం దారి దాటేసినట్టు.

మొదటిది కాచుకుని కొట్టే పద్ధతి. బెండు మునిగేదాకా ఆగి, మునగగానే ఒక్కసారి బటన్ నొక్కాలి. మైన్‌క్రాఫ్ట్, యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్, నియర్: ఆటోమాటా ఈ రకం. రెండోది పట్టీ పద్ధతి. తెర మీద ఒక పట్టీ కదులుతుంటుంది, చేపను దాని లోపలే ఉంచాలి. స్టార్‌డ్యూ వ్యాలీ, గెన్షిన్ ఇంపాక్ట్ ఇందులోకి వస్తాయి. మూడోది పెనుగులాట పద్ధతి. చేప లాగుతుంది, మీరు లాగుతారు, మధ్యలో దారం ఉంటుంది. రెడ్ డెడ్ 2, ఫైనల్ ఫాంటసీ 15, సీ ఆఫ్ థీవ్స్ ఇలాంటివి. నాలుగోది తూకం పద్ధతి. పట్టడం తేలికే, పట్టినదాన్ని మోసుకుపోవడం కష్టం. 2023లో వచ్చిన డ్రెడ్జ్‌లో చేప ఆకారాన్ని బట్టి పడవలోని గళ్లలో సర్దాలి. బటన్ సమయానికి నొక్కకపోయినా చేప దొరుకుతుంది, కాకపోతే ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో పొద్దుగూకితే చీకట్లో సముద్రం మీద మీ నావికుడికి భయం పెరుగుతూ పోతుంది. అక్కడ అసలు ఎర గడియారమే.

కర్రే లేని గేములూ ఉన్నాయి. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో గాలం కోసం వెతకొద్దు, దొరకదు. నీళ్లలోకి రిమోట్ బాంబు వేస్తే చేపలు తేలతాయి. షాక్ బాణం ఇంకా బాగా పనిచేస్తుంది.

మూడో మెట్టు: చోటు, వేళ, వాన

చేపకు కాలం ఉంటుందని హైదరాబాద్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మృగశిర కార్తె రాగానే రాంనగర్ చేపల మార్కెట్‌లో అడుగు పెట్టే సందు ఉండదు, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి జనం బారులు తీరతారు. గేములు తయారుచేసేవాళ్లు కూడా చేపకు ఋతువు, వేళ, వాతావరణం కట్టబెడతారు. ఆ లెక్క తెలియక తప్పు వేళలో గాలం వేస్తే రోజంతా కూర్చున్నా అదే మామూలు చేప పడుతుంది.

స్టార్‌డ్యూ వ్యాలీలో ఒక్క శరదృతువు వానరోజును ఎలా వాడుకోవచ్చో చూడండి. ముందురోజే ఇంట్లో టీవీలో వాతావరణ వార్తలు చూస్తే రేపు వాన ఉందో లేదో తెలుస్తుంది. ఉందంటే పొలం పని ఏమీ పెట్టుకోకండి, ఆ రోజు మొక్కలకు నీళ్లు వానే పోస్తుంది. పొద్దున 6కి లేచి నేరుగా ఊళ్లో నది దగ్గరికి వెళ్లి క్యాట్‌ఫిష్ కోసం గాలం వేయండి. అది వసంతంలోనూ శరత్తులోనూ వాన పడితేనే ఆ నదికి వస్తుంది. మధ్యాహ్నం 12 దాటాక అదే నదిలో వాలై అనే చేప మొదలవుతుంది. సాయంత్రం 4 తర్వాత దక్షిణంగా సముద్రతీరానికి దిగితే ఈల్ పడుతుంది. 6 దాటాక మళ్లీ నదికి వచ్చి బ్రీమ్ పట్టండి. కమ్యూనిటీ సెంటర్‌లో రాత్రి చేపల బండిల్‌కు, అంటే అక్కడ అప్పగించాల్సిన వస్తువుల జట్టుకు, కావాల్సినవి వాలై, బ్రీమ్, ఈల్. మూడూ ఒక్క వానరోజులో చేతికొచ్చేస్తాయి. రాత్రి 2 లోపు ఇంటికి చేరండి, లేకపోతే మీ పాత్ర దారిలోనే సొమ్మసిల్లి పడిపోతుంది.

ఇంత పక్కాగా ప్లాన్ వేసుకోవడం కొందరికి ఆటను ఉద్యోగంగా మార్చినట్టు అనిపించవచ్చు. నాకు మాత్రం ఇదే అసలు రుచి. వాన కోసం ఎదురుచూసే ఆట ఇంకెక్కడ దొరుకుతుంది?

గెన్షిన్ ఇంపాక్ట్‌లో ఎదురుచూపు అక్కర్లేదు. మెనూలో గడియారం ఉంటుంది, దాని ముల్లు తిప్పితే పగలు రాత్రి అవుతుంది. రైమెయ్ ఏంజెల్‌ఫిష్ సాయంత్రం 6 నుంచి ఉదయం 6 వరకే కనబడుతుంది కాబట్టి ముల్లును రాత్రికి తిప్పి నీటి ఒడ్డుకు వెళ్లండి. ఒకచోట చేపలన్నీ పట్టేస్తే అవి మళ్లీ పుట్టడానికి కొన్ని రోజులు పడుతుంది, అందుకే మ్యాపులో రెండు మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. అది ఆన్‌లైన్ గేమ్. మెట్రోలో సిగ్నల్ ఊగిసలాడే చోట చేపలు పట్టే పని పెట్టుకోకండి. ప్రయాణంలో ఆడాలనుంటే ఫోన్లో స్టార్‌డ్యూ మేలు, దానికి నెట్ అక్కర్లేదు.

మైన్‌క్రాఫ్ట్‌లో చోటు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. గాలం వేశాక చేప రావడానికి 5 నుంచి 30 సెకన్లు పడుతుంది. వాన పడుతుంటే ఆ సమయం తగ్గుతుంది, బెండు పైన ఆకాశం కనబడకుండా కప్పు ఉంటే పెరుగుతుంది. అంటే గుహలో చిన్న గుంత తవ్వుకుని కూర్చోవడం అన్నివిధాలా నష్టమే. జావా ఎడిషన్‌లో ఇంకో షరతు కూడా ఉంది. బెండు చుట్టూ 5 గడుల పొడవు, 5 గడుల వెడల్పు, 4 గడుల ఎత్తు మేర నీళ్లు, గాలి, తామరాకులు తప్ప ఇంకేమీ ఉండకూడదు. అప్పుడే నిధి కింద లెక్కయ్యే వస్తువులు పడతాయి. లేదంటే చేపలు, చెత్త మాత్రమే. మామూలు కర్రతో 85 శాతం చేపలు, 10 శాతం చెత్త, 5 శాతం నిధి. ఆ 5 శాతంలోనే మంత్రపు పుస్తకాలు, జీను, పేరు పట్టీ ఉంటాయి. చెరువు మధ్యలోకి పడవలో వెళ్లి కూర్చుంటే షరతు దానంతటదే నెరవేరుతుంది.

నాలుగో మెట్టు: కర్ర, ఎర

డబ్బు రాగానే ఖరీదైన కర్ర కొనేయాలనిపిస్తుంది. తొందరపడకండి. స్టార్‌డ్యూలో వసంతం 2వ తేదీన చేపల కొట్టు నడిపే విల్లీ వెదురు కర్ర ఊరికే ఇస్తాడు. అది చేతికి లొంగకపోతే ఆయన కొట్లోనే 25 బంగారానికి ట్రైనింగ్ రాడ్ ఉంటుంది. దాంతో మామూలు చేపలే పడతాయి కానీ పట్టీ పెద్దగా వస్తుంది, చేయి కుదురుతుంది. చేపల నైపుణ్యంలో రెండో లెవల్ దాటాక ఫైబర్‌గ్లాస్ కర్ర కొని ఎర తగిలించండి. ఎర పెట్టిన గాలానికి చేప త్వరగా వస్తుంది. పెద్ద చేప కోసం వెళ్లే రోజున ముందు ట్రౌట్ సూప్ లాంటిది తింటే చేపల నైపుణ్యం కాసేపు పెరిగి పట్టీ ఇంకాస్త పొడవవుతుంది.

మైన్‌క్రాఫ్ట్‌లో కర్రకు 3 పుల్లలు, 2 దారాలు చాలు. తర్వాత ల్యూర్, లక్ ఆఫ్ ది సీ, మెండింగ్ మంత్రాలు వేయండి. ల్యూర్ ఒక్కో లెవల్ 5 సెకన్ల ఎదురుచూపు తగ్గిస్తుంది. మెండింగ్ ఉంటే చేపతో వచ్చే అనుభవంతోనే కర్ర బాగవుతూ ఉంటుంది.

గెన్షిన్‌లో ఎర తప్పితే చేప ఆ వైపే రాదు. మెడాకాలకు పండ్ల ముద్ద, స్టికిల్‌బ్యాక్‌లకు ఎర్రగా ఉండే రెడ్‌రాట్, కోయ్ చేపలకు ఉత్తుత్తి ఈగ, ఏంజెల్‌ఫిష్‌కు ఉత్తుత్తి పురుగు. రెడ్ డెడ్ 2లో చిన్న చేపలకు రొట్టె, మొక్కజొన్న, జున్ను సరిపోతాయి. పెద్ద వాటికి నదికొకటి, చెరువుకొకటి, బురదనేలకొకటి చొప్పున వేర్వేరు ల్యూర్లు, అంటే ఉత్తుత్తి ఎరలు, ఉంటాయి. లెజెండరీ చేపకు ప్రత్యేకమైన ల్యూర్ లేకుండా వెళ్లడం దండగ.

ఐదో మెట్టు: కొరికిన క్షణం

యానిమల్ క్రాసింగ్‌లో చేప ఎరను నాలుగుసార్ల దాకా ఊరికే ముట్టి చూస్తుంది. ఐదోసారి మాత్రం తప్పకుండా మింగుతుంది. లెక్కపెడుతూ కూర్చోండి. ఇంకో ఉపాయం, తెర వైపు చూడకుండా కళ్లు మూసుకుని వినండి. ముట్టినప్పుడు వచ్చే చిన్న చప్పుడుకు, బెండు మునిగినప్పుడు వచ్చే బరువైన చప్పుడుకు తేడా స్పష్టంగా తెలుస్తుంది. కళ్లు మోసపోతాయి, బెండు కదలగానే వేలు దానంతటదే నొక్కేస్తుంది. చెవి అంత తొందరపడదు.

మైన్‌క్రాఫ్ట్‌లో బెండు వైపు నీటి మీద బుడగల గీత ఒకటి వంకరటింకరగా వస్తుంది. అది బెండును చేరేదాకా ఆగండి, ముందే లాగితే ఖాళీ గాలమే.

ఆరో మెట్టు: లాగడం

ఎక్కువమంది చేపను పోగొట్టుకునేది ఇక్కడే. మా మేనల్లుడు రెడ్ డెడ్ 2 ఆడుతున్నప్పుడు పక్కన కూర్చుని చూశాను. చేప పట్టగానే కుడి స్టిక్‌ను గిరగిరా తిప్పేస్తున్నాడు. తెర మీద నీళ్లు ఎగసిపడుతున్నాయి, చేప ఎడమవైపు దూసుకుపోతోంది, వీడు ఇంకా గట్టిగా తిప్పుతున్నాడు.

“మామా, మళ్లీ తెగింది!”

“అది గుంజేటప్పుడు నువ్వు గుంజకురా. అది అలిసేదాకా ఆగు.”

“ఆగితే పోదా?”

“పోదు. అది ఎటు పోతే నువ్వు కర్రను దానికి ఉల్టా వంచు. చక్రం మాత్రం తిప్పకు.”

తర్వాతి చేపకు వాడు అలాగే చేశాడు. చేప ఎడమకు పరుగెత్తితే ఎడమ స్టిక్‌ను కుడికి నెట్టి పట్టుకున్నాడు. రీలును ముట్టుకోలేదు. కాసేపటికి నీటి మీద తెల్లటి చిమ్ములు తగ్గాయి, దారం ఊగడం ఆగింది. అప్పుడు చక్రం తిప్పాడు. చేప మళ్లీ పెనుగులాడగానే వేలు తీసేశాడు. ఇలా మూడు నాలుగు విడతల్లో ఒడ్డుకొచ్చింది. పెనుగులాట పద్ధతి గేములన్నిట్లోనూ ఇదే సూత్రం. నీళ్లు చిమ్ముతుంటే ఆగడం, నీళ్లు నిలబడితే తిప్పడం. ఫైనల్ ఫాంటసీ 15లో దారానికి ఆయుష్షు గీత కూడా చూపిస్తారు. అది సగానికి పడిపోయి చేప ఇంకా దూరంలో ఉంటే, రీలు తిప్పే వేగం తగ్గించి, చేప లాగిన వైపు స్టిక్‌ను సరిగ్గా నెట్టడం మీదే మనసు పెట్టండి.

పట్టీ పద్ధతికి వేరే చేయి కావాలి. స్టార్‌డ్యూలో బటన్ పట్టుకుంటే ఆకుపచ్చ పట్టీ లేస్తుంది, వదిలితే పడుతుంది. పడేటప్పుడు వేగం పుంజుకుని అడుగున తగిలి పైకి ఎగురుతుంది. కొత్తవాళ్లను బెంబేలెత్తించేది ఆ ఎగురుడే. చక్రం మీద ముంతను తీర్చే కుమ్మరి చేతిలా వేలు తేలిగ్గా ఉండాలి, నొక్కి పెట్టకూడదు. పొట్టి పొట్టి నొక్కులతో పట్టీని ఒకచోట నిలబెట్టడం ముందు సాధన చేయండి, చేప సంగతి తర్వాత. పట్టీ కిందికి జారుతుంటే అడుగు తగలకముందే ఒక్క చిన్న నొక్కు ఇవ్వండి, ఎగురుడు ఉండదు.

ఆ తర్వాత చేప నడక చూడండి. కొన్ని నింపాదిగా కదులుతాయి, కొన్ని కిందికే పోతుంటాయి, కొన్ని ఉన్నట్టుండి అటూ ఇటూ దూకుతాయి. దూకే చేప వెంట పరుగెత్తవద్దు. అది తిరుగుతున్న మేర మధ్యలో పట్టీని ఉంచితే అదే లోపలికి వస్తుంది. కార్ప్ లాంటి నెమ్మది చేపలతో మొదలుపెట్టండి. లెజెండ్ అనే పెద్ద చేప వసంతంలో వాన పడినప్పుడు కొండ సరస్సులో ఉంటుంది, పదో లెవల్ దాకా దాని జోలికి పోకండి. పట్టీ మీద నిధి పెట్టె కనిపిస్తే? చేప స్థిరంగా ఉండి, అది ఎంతవరకు పట్టుబడిందో చూపే గీత సగం పైన నిండి ఉంటేనే దానివైపు వెళ్లండి. అరుదైన చేప గాలానికి ఉన్నప్పుడు పెట్టెను వదిలేయడమే నయం.

ఏడో మెట్టు: పట్టాక ఏం చేయాలి

పట్టిందల్లా అమ్మేయకండి. ఏ గేమ్‌లోనైనా కొత్త రకం చేప మొదటిసారి పడితే ఒకటి దాచండి. యానిమల్ క్రాసింగ్‌లో మ్యూజియంకు, స్టార్‌డ్యూలో బండిల్‌కు అదే కావాల్సి వస్తుంది. పెట్టెలో చేపలకంటూ ఒక వరుస కేటాయించుకుంటే వెతుకులాట ఉండదు. ఫైనల్ ఫాంటసీ 15లో మీ జట్టులో వంట చేసే ఇగ్నిస్‌కు చేపలిస్తే రాత్రి మకాంలో వండిపెడతాడు. ఆ తిండి బలం మర్నాటి పోరాటాలకు పనికొస్తుంది. డ్రెడ్జ్‌లో మాత్రం దాచకండి, చేపలు వాడిపోయి ధర పడిపోతుంది.

గెన్షిన్‌లో ముందే లెక్క వేసుకుని పట్టండి. ఇనజుమా నగరంలో చేపల సంఘం దగ్గర ‘ది క్యాచ్’ అనే బల్లెం ఇస్తారు. దానికి 20 రస్టీ కోయ్, 20 గోల్డెన్ కోయ్, 6 రైమెయ్ ఏంజెల్‌ఫిష్ కావాలి. రూపాయి ఖర్చు లేకుండా వచ్చే ఆయుధాల్లో అది ఎన్నదగ్గది, ముఖ్యంగా రైడెన్ షోగన్ అనే పాత్రతో ఆడేవాళ్లకు. అవి పూర్తయ్యేదాకా కోయ్ చేపలను ఇంకే వస్తువు కోసమూ మార్చుకోకండి.

రెడ్ డెడ్ 2లో చేపలు పట్టడం రెండో అధ్యాయంలో పిల్లవాడు జాక్‌తో కలిసి నది ఒడ్డుకు వెళ్లే మిషన్‌తో మొదలవుతుంది. ఆ మిషన్‌ను తోసేసి కథలో ముందుకు వెళ్లకండి. తర్వాత జెరెమీ గిల్ అనే ఆసామి కలిసి లెజెండరీ చేపల మ్యాపు ఇస్తాడు. అలాంటి చేప పడితే కసాయి దగ్గరికి తీసుకెళ్లకుండా, రైల్వే స్టేషన్‌లోని పోస్టాఫీసు నుంచి గిల్‌కే పంపించండి. చేప బరువుగా ఉంటుంది, స్టేషన్ దూరం. కాబట్టి గాలం వేసే ముందే గుర్రాన్ని నీటికి దగ్గరగా తెచ్చి కట్టేసుకోండి.